మైకులో ఆడిన అబద్ధం

గాజువాకలో మా ఆడవాళ్ళ సంఘానికి ఆఫీసంటూ లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక టైలరమ్మ తన షాపులో మిషన్లు గోడకు జరిపి చోటిచ్చేది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కూరగాయలమ్మేవాళ్ళు, నాలాంటి ప్రైవేటు స్కూలు టీచర్లు అక్కడ చేరేవాళ్ళం. అందరిలోకీ నాకు మాటలు బాగా వచ్చని పేరు. ఆ పేరు ప్రచారం చేసింది ఎక్కువగా నేనే.

బజార్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. తోటకూర అమ్మే ఆవిడ అందుకనే పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుంటానని చెప్పాక, వార్డు ఆఫీసు ముందు ధర్నా చేద్దామనుకున్నాం. ఉపన్యాసం నాది. "బయటికి రావడానికి ఆడది ఎవరి అనుమతీ అడగక్కర్లేదు" అన్న వాక్యాన్ని అద్దం ముందు రకరకాల గొంతుల్లో చెప్పి చూసుకున్నాను.

ఆ రోజు చీర కట్టుకుంటుంటే అత్తయ్య ఎక్కడికని అడిగారు. పూర్ణా మార్కెట్‌కి, ఎండుమిరపకాయలకి అన్నాను. ఆవిడ నన్ను ఎప్పుడూ దేనికీ వద్దన్నది లేదు. అయినా ధర్నా అన్న మాట నోట్లోంచి ఊడిపడలేదు.

మైకు చేతికొచ్చాక మాత్రం నన్ను పట్టేవాళ్ళు లేరు. అనుమతి వాక్యానికి చప్పట్లు పడ్డాయి. ఆశకొద్దీ ఇంకోసారి అన్నాను. అంతలో సంచిలో ఫోను మోగింది. అత్తయ్య. పక్కకి తిరిగి, గొంతు తగ్గించి, బుద్ధిగా చెప్పాను.

"మార్కెట్లోనే ఉన్నానండీ. మిరపకాయలు బేరమాడుతున్నాను."

గొంతయితే తగ్గించాను గానీ మైకు దించలేదు. ఆటో మీద కట్టిన స్పీకర్లోంచి నా బేరం వీధి చివరిదాకా వెళ్ళింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆఫీసు మెట్ల మీదున్న అధికారి నవ్వు దాచుకోడానికి కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు.

నాకిక ఏ వాక్యమూ గుర్తు రాలేదు. తోటకూర ఆవిడ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నానూ ఇంట్లో డాక్టరు దగ్గరకని సెప్పీసి వచ్చినాను" అంది.

టైలరమ్మ గుడికని చెప్పిందట. ఇంకొకామె పిల్లాడి స్కూల్లో మీటింగని. ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుని ఇంట్లో ఏం చెప్పి వచ్చారో బయటపెట్టారు. అద్దం ముందు తయారవకుండానే వాళ్ళకి నాకన్నా ఎక్కువ చప్పట్లు పడ్డాయి. అధికారి కర్చీఫు జేబులో పెట్టేసుకున్నాడు. తాళం తీయిస్తానన్నాడు, ఆ వారంలోనే తీయించాడు. లోపల నీళ్ళు రావడానికి మాత్రం మేం మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అత్తయ్యకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే అణచివేత మీద ఇంకో ఉపన్యాసానికి పనికొస్తుందని ఒక మూల చిన్న ఆశ కూడా ఉంది. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

"నన్నడగక్కర్లేదు. సెప్పీసి ఎల్లు. అన్నం ఎవులొండాలో తెలవాలి గదా" అన్నారు, కొడుకు వైపు చూస్తూ.

అప్పట్నుంచి ఆదివారాలు మా ఆయన వండుతున్నాడు. అన్నం ముద్దవుతుంది. నోరు మూసుకుని తింటున్నాను.

మొన్న ద్వారకా నగర్లో సమావేశానికి బయల్దేరుతూ గుమ్మంలో "వెళ్ళనా అత్తయ్యా?" అనేశాను. ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పలేదు. అడగక్కర్లేదన్న ఆవిడ మాట గుర్తొచ్చి చెప్పులేసుకున్నాను.