నాన్న బేస్ గిటార్ పెడల్

రాతలో తప్పులుంటే క్షమించండి. ఐదో తరగతితో ఆగిన చదువు నాది.

ఈ ఉదయం తాడేపల్లిగూడెంలో మా ముందు గదిలో మా ఆయన, ఆయన స్నేహితుడు బేస్ గిటార్ పట్టుకుని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. శబ్దం మార్చే కొత్త పెడల్‌ని కాలితో నొక్కగానే లావు శబ్దం పోయి రేకు డబ్బా మోత వస్తోంది. టీ ఇవ్వబోతూ ఆ పెడల్ చూశాను. అచ్చం మా నాన్న దగ్గరుండే లాంటిదే.

ఈ గ్రూపులో ఉన్న, చిన్నప్పుడు నాతో తిరిగిన మా గుండుగొలను పిల్లలూ, మీకు గుర్తుందా? చర్చిలో మా నాన్న బేస్ వాయించేవారు. కొబ్బరినూనె వాసన వేసే పాత తువ్వాలులో పెడల్ చుట్టి తెచ్చేవారు. చెప్పులు గుమ్మం బయటే కదా, ఉత్తికాళ్ళతోనే నొక్కేవారు. కాలి బొటనవేలితో దాని మీది నాబ్ తిప్పబోతే తాళం తప్పేది. అందుకే నన్ను పక్కన చాప మీద కూర్చోబెట్టుకునేవారు. ఆయన గడ్డం ఎత్తితే నేను తిప్పాలి. సరిగ్గా తిప్పితే ఆ శబ్దం నేలలోంచి నా మోకాళ్ళకు తెలిసేది.

"ఏవండీ, ఆ బ్లెండ్ నాబ్ కొంచెం వెనక్కి తిప్పండి. గిటార్ అసలు శబ్దం కలుస్తుంది," అన్నాను.

స్నేహితుడు నవ్వాడు. "చెల్లెమ్మా, ఇది మిక్సీ కాదమ్మా. నువ్వు టీ సంగతి చూడు."

మా ఆయన కూడా నవ్వారు. అదే గుచ్చుకుంది. ట్రే కింద పెట్టి, కూర్చుని, నేనే తిప్పాను.

"ఇప్పుడు వాయించండి."

వాయించారు. కిటికీ తలుపులు అదిరాయి.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నారు మా ఆయన.

"మా నాన్నండి. మీరెప్పుడూ అడగలేదు."

ఇదివరకైతే నేను రాసింది చదివాక ఎవరికీ చూపించకండి, ఫోన్లోంచి తీసేయండి అని మిమ్మల్ని బతిమాలేదాన్ని. ఈసారి అడగను. మా ఆయనకీ, ఆయన స్నేహితుడికీ కూడా చూపించండి.