నములుతుంటే వినపడని మాట

ఆ రోజు నేను మగ్గానికి వీపు పెట్టి కూర్చుని కండెలు చుడుతున్నాను. కాసేపటికి మగ్గం ఆగినట్టు అనిపించి, దారం తెగిందా అని వెనక్కి తిరిగాను. మా ఆయన నేస్తూనే ఉన్నాడు. దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతోంది. చప్పుడు మాత్రం నా దాకా రావడం లేదు.

మాది పెడన. మా ఆయన నాకు మేనత్త కొడుకు, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. మగ్గం ఆడుతుంటే మాట్లాడితే గొంతు నొప్పి తప్ప లాభం లేదు కాబట్టి, మా ఇంట్లో మాటలన్నీ మధ్యాహ్నం అన్నం దగ్గరే. ఊళ్లో సంగతులు, నా మీద వేళాకోళాలు, అలకలు, రాజీలు అన్నీ కంచాల ముందే. చెవులు పోతున్నాయంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆ పూటే.

బందరులో ఈఎన్‌టీ డాక్టర్ గారు ఆడియోగ్రామ్ తీయించారు. "రెండు చెవుల్లోనూ నెర్వ్ వీక్ అయిందమ్మా. మందులకి తగ్గేది కాదు, హియరింగ్ ఎయిడ్ పెట్టుకోండి" అన్నారు. మిషన్లు అమ్మే చోట చెవిలోకి మెత్తటి ముద్ద ఎక్కించి, అది గట్టిపడేదాకా నోరు కదపవద్దన్నారు. నేను బొమ్మలా కూర్చున్నాను. ఆ కొలతతో చెవిలో ఇమిడే మౌల్డ్ చేయించి, కొన్నాళ్లకి పిలిచి మిషన్‌తో పాటు పెట్టారు. ఆ ఏసీ గదిలో బల్ల మీద పెన్ను పెట్టిన చప్పుడు కూడా వినపడింది. ఆనందంతో ఏడ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం గోంగూర కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టానో లేదో, చెవిలో కీచుమని ఈల. దవడ ఆడినప్పుడల్లా మౌల్డ్ వదులై మా ఆయన మాట సగంలో పోతోంది. నమలడం ఆపితే మళ్లీ బాగానే ఉంటుంది. బందరు వెళ్లి చెబితే నోరు మూయించి పరీక్ష చేసి, అంతా సరిగ్గానే ఉందన్నారు. గుబిలి తీశారు, బ్యాటరీ మార్చారు. అలవాటు పడాలమ్మా అన్నారు.

ఆయన తిన్నాక నేను తింటానన్నాను. నువ్వు కూర్చోకపోతే నాకు ముద్ద దిగదన్నాడు. పెరుగన్నం పల్చగా కలుపుకుని నమలకుండా మింగడం నేర్చుకున్నాను. నా అవస్థ చూసి ఆయన నవ్వి, గొంతు పెంచి మాట్లాడేవాడు.

ఆ గొంతే బొంగురుపోయింది. నా కోసం అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. ఎంతకీ తగ్గకపోతే విజయవాడ తీసుకెళ్లాం. ఎండోస్కోపీ, బయాప్సీ. లేరింక్స్‌లో కేన్సర్, మాట పుట్టించే ఆ వాయిస్ బాక్స్ మొత్తం తీసేయాలి, ఇక గొంతు రాదు అన్నారు. నాతో అరిచినందుకే వచ్చిందా అని డాక్టర్ గారిని అడిగాను. "కాదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆయన కాల్చిన చుట్టల వల్ల" అన్నారు. ఆ మాట నా మనసుకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఈలోగా ఆయన మాట తనివితీరా వినాలని నా ఆరాటం. అది చూడలేక గుడివాడలో ఉన్న మా చెల్లెలు నన్ను అక్కడి ఆడియాలజిస్ట్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆ అమ్మాయి నా చెవిలో వేలు పెట్టి, నోరు తెరిచి మూయమంది. "దవడ కదిలితే చెవి గొట్టం ఆకారం మారుతుందండీ. మీకు మరీ ఎక్కువగా వెడల్పవుతోంది. అక్కడ సందు పడి సౌండ్ బయటికి వచ్చేస్తోంది" అని చెప్పింది. పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి, నోరు తెరిపించి మళ్లీ కొలత తీసింది. కొత్త మౌల్డ్ రావడానికి పట్టే రోజులు లెక్కేస్తే ఆపరేషన్ తేదీ దాటిపోతోంది. ఆపరేషన్ కాస్త వాయిదా వేయమని విజయవాడ డాక్టర్ గారిని బతిమాలాను. కుదరదన్నారు. "నీ చెవి కుదిరేదాకా నా జబ్బు ఆగుతుందేంటే?" అన్నాడు మా ఆయన, నవ్వుతూనే.

ఆస్పత్రికి బయల్దేరే రోజు అన్నానికి కూర్చున్నాం. నేను కంచం ముట్టకుండా ఆయన నోటి వంకే చూస్తున్నాను. తినమని కసిరితే ముద్ద పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఏదో అన్నాడు. ఈల మోగింది. నమలడం ఆపి, ఏమన్నావు బావా అని అడిగాను. ఆయన చేత్తో గొంతు నొక్కుకుని, నా కంచం నా వైపు జరిపాడు.

"ఏం లేదులే, తిను" అన్నాడు.

తర్వాత బస్సు రొదలో, ఆస్పత్రి గోలలో ఏదీ అందలేదు. ఆయన గొంతుతో నాకు సరిగ్గా వినపడిన ఆఖరి మాట అదే. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక ఆ రోజు ఏమన్నావని ఎన్నోసార్లు అడిగాను. గుర్తులేదన్నట్టు చెయ్యి ఊపుతాడు. నిజంగా గుర్తులేకో, నన్ను ఏడిపించడం ఇష్టంలేకో తెలియదు. మెడకి ఆనించుకుని మాట్లాడే మిషన్ ఇచ్చారు గానీ, ఆ గొంతు ఆయనది కాదు. ఆయనకీ నచ్చలేదు, పక్కన పెట్టేశాడు.

గుడివాడ మౌల్డ్ చక్కగా కుదిరింది. ఇప్పుడు జంతిక నమిలినా ఈల రాదు. ఎదురుగా ఆయన మజ్జిగ తాగే చప్పుడు, ఆపరేషన్‌లో మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి వచ్చే ఊపిరి అన్నీ వినపడతాయి. మనిషి దక్కాడు, అంతకంటే ఏం కావాలి అంటారు అందరూ. నిజమే. కానీ రోజూ అన్నం వేళకి నా గుండె తరుక్కుపోతుంది.

హియరింగ్ ఎయిడ్ పెట్టించుకునేవాళ్లకి ఒక్కటే చెబుతాను. నములుతుంటే, మాట్లాడుతుంటే ఈల వస్తే అలవాటవుతుందిలే అని ఊరుకోకండి, నోరు తెరిపించి మళ్లీ కొలత తీయమని అడగండి. వెళ్లేటప్పుడు తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఎవరి మాట కోసం పెట్టించుకుంటున్నారో ఆ మనిషిని వెంట తీసుకెళ్లి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించండి. మీరు నములుతూ వినండి. ప్రతి మాటా వినపడ్డాకే అక్కణ్ణుంచి లేవండి.