యంకవ్వ ఎక్కని తాడు

యరగేరలో మల్లకంబం యంకవ్వ అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. పదిహేడేళ్ల వయసులో ఆమె మైసూరు పోయి, రాష్ట్ర మల్లకంబం పోటీల్లో వేలాడే తాడు మీద ఆసనాలు వేసి మొదటి బహుమతి తెచ్చింది. ఊరి కుస్తీ తాలీంలో పహిల్వాన్ దుర్గప్ప నేర్పిన విద్య అది.

ఆ మాటకు నలభై ఏళ్లు. తర్వాత పెళ్లయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు, మొగుడు పోయాడు, పత్తి చేలల్లో కూలి మొదలైంది. ఊరు మాత్రం మైసూరు దగ్గరే ఆగిపోయింది. జెండా పండగైనా, జాతరైనా ఆమెను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. ఇంట్లో ఒక గోనెసంచి నిండా అవే.

ఈసారి రాష్ట్రం ఏర్పడిన రోజున చేసే రాజ్యోత్సవం సభకు యువక సంఘం వాళ్లు పిలిచేసరికి ఆమె పొద్దంతా పత్తి తీసి అప్పుడే ఇల్లు చేరింది. రానని చెప్పి, ఎందుకు రావని అడిగితే జవాబు చెప్పుకోవడం కంటే పోయి కూర్చోవడమే సుళువనిపించింది. రెండేళ్లుగా కుడి చెయ్యి భుజం దాటి లేవదు. పత్తి తీయడానికి నడుమెత్తు లేస్తే చాలు గనక పని నడుస్తోంది. కోడలు సుమంగళ తల దువ్వి, జడ వేసి పంపింది.

వేదిక పక్క వేపకొమ్మకు కొత్త తాడు కట్టి ఉంది. శాలువా కప్పడం అయ్యాక సంఘం పెద్ద అంబరీశ్ మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మన యంకవ్వ తాడెక్కి చూపిస్తది."

చప్పట్లు మోగాయి. అంతకు ముందు ఆమెను ఒక్కరూ అడగలేదు. యంకవ్వ మెల్లగా లేచి మైకు తీసుకుంది.

"నా చెయ్యి లేస్తలేదు. జెడ గూడ కోడలే ఏస్తది. నాతోని కాదు."

అంబరీశ్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "జర పట్టుకొని నిలబడవ్వా. ఫొటో తీసుకుంటం."

ఆమె వెళ్లి తాడు పట్టుకుంది. అరచేతికి నూలు తగిలితే పాతది ఏదైనా లోపల కదులుతుందేమో అనుకుంది. ఏమీ కదల్లేదు. కాళ్లు లాగుతున్నాయి, ఇంటికి పోయి నడుం వాల్చాలనుంది. ఫొటో తీశారు.

మర్నాడు చేలో, పక్క ఊరి నుంచి కూలికొచ్చిన రంగవ్వ ఆమె పక్క సాలు పట్టింది.

"నిన్న కొమ్మ దాక ఎక్కినవంట గదా, యంకవ్వా? తలకిందులు గూడ అయినవంట."

"ఎవరు జెప్పిన్రు?"

"అందరు అదే అంటున్రు. ఫోన్ల ఫొటో గూడ సూసిన."

యంకవ్వ నడుం నిలబెట్టి ఆమె వైపు చూసింది. ఊరంతా వినేటట్టు మైకులో చెప్పిన మాటే. మళ్లీ చెప్పొచ్చు. చెబితే భుజానికి ఏమైంది, ఎన్నాళ్లయింది, ఎక్కడ చూపించుకున్నావని సాలు చివరిదాకా అడుగుతూనే ఉంటుంది.

"ఈ వయసుల భయం కాలేదా?" అంది రంగవ్వ.

"భయమేంది," అని యంకవ్వ ఒడిలోని పత్తిని లోపలికి అదిమి, ముందు చెట్టు దగ్గరికి జరిగింది.