బ్యాటుకు మూడు చుక్కలు

మా ఆదివారం జట్టులో అందరికంటే చిన్నవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. అందరికంటే పెద్దవాడు నూనె అంగడి భాయ్. యాభై దాటాడు. నేను బడిలో లెక్కలు చెబుతాను, జట్టుకు క్యాప్టెన్‌ని. బాగా ఆడతానని కాదు, బాగా అరుస్తానని నన్ను క్యాప్టెన్‌ని చేశారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగింది అర్థం చేసుకోవడం సులభం.

అంచులు పెచ్చులూడిన పాత బ్యాటుతో ఏళ్ళ తరబడి ఆడి విసిగి, అందరం కలిసి ఒక ఇంగ్లిష్ విల్లో బ్యాటు తెప్పించుకున్నాం. పార్సిల్ విప్పింది ఆదోనిలో భాయ్ అంగడిలోనే. తెల్లటి చెక్క, దాని మీద నిలువుగా సన్నటి గీతలు. ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలనిపించింది. భాయ్ దాన్ని తీసి నూనె తూచే కాటా మీద పెట్టాడు. కిలో నూట ఎనభై గ్రాములు. తర్వాత లోపలికి పోయి పై అరలోంచి అవిసె నూనె సీసా తెచ్చాడు. వేరుశనగ నూనెకు, మా వైపు మాటలో బుడ్డల నూనెకు, మా ఊళ్ళో కొదవ లేదు. అవిసె నూనె అడిగేది మాత్రం మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు, కొయ్యపని చేసేవాళ్ళు, అంతే.

"నెలకు మూడు సుక్కలు," అన్నాడు. "ముందర, అంచులకు, కింద కొనకు. పిడి దిగిన సోట వద్దు. ఆడ జిగురుంటాది, ఇడిసిపోతాది. రుద్దినాక పండబెట్టల్ల, నిలబెట్టగూడదు. దీనికి నూనె తాపేది కాదు సారూ, సూపించేది."

అందరం తలలూపాం. పాత బంతిని సాక్సులో వేసి బ్యాటును వారం పాటు కొట్టి గట్టిపరిచాం. మా మిద్దె మీద ఆ టకటక విని పక్కింటావిడ, మా ఇంట్లో ఏం దంచుతున్నారని మా ఆవిడను అడిగిందట. మా ఆయన కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చుకున్నాడు, దాని అలంకారం అది అని చెప్పిందట మా ఆవిడ.

మాకు క్లబ్బు లేదు, గది లేదు. అందుకని బ్యాటు వారానికొకరి ఇంట్లో ఉండేట్టు వంతులు పెట్టుకున్నాం. అక్కడే వచ్చింది చిక్కు. ఎవరింటికి వెళితే వాళ్ళు, పోయిన వారం వాడు నూనె రాసి ఉండడులే అనుకుని కొంచెం రాసేవాళ్ళు. అవిసె నూనె సీసా ఎవరి దగ్గరుందో తెలియక ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె రాసేవాళ్ళు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, ఇంత మందిలో బ్యాటును పట్టించుకునేది నేనొక్కణ్ణే అని నా నమ్మకం.

ఆషాఢంలో బ్యాటు నా వంతుకు వచ్చింది. వానలకు మూడు ఆదివారాలు ఆట లేదు, అది నా దగ్గరే ఉండిపోయింది. మొదటి వారమే కింద కొన దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. నా ఇంట్లో ఉండగా పగిలిందంటే, అందర్నీ అరిచే క్యాప్టెన్ని అందరూ అరుస్తారు. ఊరగాయలకూ దీపానికీ మా ఇంట్లో వాడేది నువ్వుల నూనె. పసిపిల్లల ఎముకలకే బలమిచ్చే నూనె కొయ్యకు ఇవ్వదా అనుకుని, పళ్ళెంలో పోసి బ్యాటును అందులో నిలబెట్టాను. శనివారం నిలబెడితే సోమవారానికి పళ్ళెం ఖాళీ. ఎంత దాహంగా ఉందో పాపం అని జాలిపడి మళ్ళీ పోశాను. అట్లా మూడుసార్లు. పగులు కనిపించకుండా పోయింది. జట్టులో ఎవరికీ చెప్పలేదు. పక్కవారం బ్యాటును భాయ్ ఇంటికి పంపేశాను.

ఆ పై ఆదివారం ఎమ్మిగనూరులో మ్యాచ్. అక్కడి జట్టులో సగం మంది మగ్గం పనివాళ్ళు. నేనే మొదట దిగాను. మొదటి బంతి నిండుగా బ్యాటు మధ్యకే తగిలింది. టక్కుమని మోగాల్సిన చోట, తడి గోడకు పిడక కొట్టిన చప్పుడు వచ్చింది. బంతి నా కాళ్ళ దగ్గరే పడి ఆగిపోయింది. బరువెక్కిన ఆ బ్యాటును పైకెత్తేసరికి తర్వాతి బంతి వికెట్లు పడగొట్టి వెళ్ళింది. నా తర్వాత వచ్చినవాళ్ళదీ అదే కథ. గంట తిరక్కుండా అందరం చెట్టు కింద కూర్చున్నాం.

వాళ్ళ వికెట్ కీపర్, మగ్గం నేసే పెద్దాయన, బ్యాటును చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఏమప్పా, దీంట్ల బజ్జీలేమన్నా ఏయించినారా?"

వాళ్ళు నవ్వారు. మావాళ్ళు నవ్వలేదు. ఎవరు పోశారు, ఎవరు పోశారు అని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ చూపులు తిరిగి తిరిగి నా మీదికి వచ్చేలోపే నేను నోరు జారాను.

"ఇంకెవరు, పోయిన వారం యాడుండె బ్యాటు? భాయ్ ఇంట్లోనే గదా. అంగడి నిండా నూనె పెట్టుకున్నోనికి మూడు సుక్కలు ఒక లెక్కనా?"

భాయ్ నా వైపు చూశాడు. వంగి ప్యాడ్లు విప్పాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి, నీళ్ళ సీసా తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. శ్రావణమాసం, ఉరుకుంద జాతర రోజులు. బస్సులన్నీ కిటకిట. ఆదోని దాకా నిలబడే వెళ్ళి ఉంటాడు. ఆ ఆలోచన వచ్చింది గానీ, నేను పోసింది మందు, మిగతావాళ్ళు పోసిందే నూనె అని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

మగ్గం పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "జిన్నింగు మిల్లుల ఊర్ల ఉండుకోని దూది సంగతి మీకు నేను సెప్పల్ల. గింజ తీసిన పచ్చి దూది తెచ్చుకో. అది నీళ్ళు తాగదు. అందుకే రంగెయ్యాలంటే మేము నూలును ముందు ఉడకేస్తాము. నూనె తగిలితే మాత్రం పీల్చేస్తాది. బ్యాటుకు సుట్టి గుడ్డతో కట్టు. రెండు దినాలకొకసారి మార్చు. ఒక నెల ఓపిక పట్టు, నీకుంటే."

నాకు ఓపిక ఉండదని మొదటిసారి చూసిన మనిషికే తెలిసిపోయింది.

అయినా పట్టాను. తెలిసిన మిల్లు నుంచి దూది తెచ్చి, జ్వరం వచ్చినవాడికి దుప్పటి కప్పినట్టు చుట్టాను. విప్పినప్పుడల్లా దూది పసుపుపచ్చగా, జిడ్డుగా వచ్చేది. ఈలోగా ఆదివారాలు వచ్చాయి, పోయాయి. భాయ్ రాలేదు. ఫోన్ చేస్తే అంగడిలో పని ఉందనేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆదివారం పొద్దున అంగడి తెరవని మనిషి. స్లిప్‌లో ఆయన నిలబడే చోటు వైపు చూసి అరవడానికి కూడా నాకు మనసొప్పలేదు. నా అరుపుకు ఆయన నవ్వితేనే మిగతావాళ్ళు నవ్వేవాళ్ళని అప్పుడు తెలిసింది. ఆ నెల మా ఆట బడిలో డ్రిల్లు పీరియడ్‌లాగా సాగింది.

నాలుగో వారం, వరండాలో నేను దూది విప్పుతుంటే మా ఆవిడ అటుగా వచ్చి ఒక ఉండ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మనింటి నూనె గదా," అంది.

"అందరూ పోసినారు."

"అందరిండ్లల్లో బుడ్డల నూనె. నువ్వుల నూనె మనింట్లోనే." ఇంకో ఉండ తీసి వాసన చూసింది, ఇంకోటి. "అన్నీ మనవే."

నేను కూడా చూశాను. ఎక్కడో అడుగున వేరుశనగ వాసన ఉంది, లేదని కాదు. మిగిలిందంతా మా ఊరగాయ జాడీ వాసన. తల కొట్టేసినట్టయింది. భాయ్ మీద వేసిన మాట గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

మరునాడు సాయంత్రం బడి నుంచి నేరుగా బ్యాటు పట్టుకుని అంగడికి పోయాను. భాయ్ ఒకామెకు నూనె పోస్తున్నాడు. ఆమె వెళ్ళేదాకా నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నదంతా పోయింది.

"తప్పు నాదే భాయ్. పోసింది నేనే. అందరి ముందర నీమీద ఏసినాను."

ఆయన బ్యాటు తీసుకుని కాటా మీద పెట్టాడు. కిలో రెండువందల ఇరవై.

"ఇంగా నలభై గ్రాములు మీ ఇంటిదే ఉంది," అన్నాడు.

"మా ఇంటిదని నీకెట్ల తెలుసు?"

"సెల్లెలు మూడో ప్యాకెట్టుకు వచ్చినప్పుడే అడిగినా, ఒక నెలలో ఇంత నువ్వుల నూనె దేనికమ్మా అని. మా ఆయన బ్యాటుకు తాపుతాండాడు అన్న్యాది. మా ఇంట్లో ఉన్న వారం దినాలూ నేను దాన్ని తుడుస్తానే ఉన్న్యా. గుడ్డలు జిడ్డయినాయి గానీ దాని బరువు తగ్గలేదు."

ఎమ్మిగనూరులో నేను ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు అంతా తెలుసు. ఒక్క మాట చాలు, నా నోరు మూతపడేది. వంగి ప్యాడ్లు విప్పుకున్న ఆ మనిషే కళ్ళ ముందు కదిలాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా బడి పిల్లలెవరూ ఆ దారిన పోకపోవడం నా అదృష్టం.

"ఆ పొద్దు ఎందుకు సెప్పలేదు భాయ్?"

"అందరి ముందర సెప్తే నువ్వు యాడ ముఖం పెట్టుకుంటావు? మళ్ళా ఎవర్ని అరుస్తావు?" అన్నాడు. "ఈడికి నువ్వే రావల్లని సూస్తాంటి. నెల పట్టింది నీకు."

ఆపైన అవిసె నూనె సీసా దించాడు. మిగిలిన బరువు తగ్గేదాకా కొత్త బ్యాటుకు పోయడానికి లేదు, పాత బ్యాటు మీద నేర్చుకో అన్నాడు. అది కూడా ఆయన దగ్గరే ఉంది, గోనెసంచిలో. నేను చెయ్యి చాపాను. అరచేతిలో మూడు చుక్కలు వేశాడు. ముందరంతా రుద్దాను, అంచులు రుద్దాను, కొన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పొడిబారింది. ఇంకొంచెం అని మళ్ళీ చాపాను.

భాయ్ అప్పటికే సీసాకు మూత బిగించేశాడు. "ఆదివారం ఎన్ని గంటలకు?" అని అడిగాడు.