తామూ చేతికి పండిన గోరింటాకు

హాలండు సముద్రంలో పట్టిన చిట్టి రొయ్యలు చల్లటి లారీ ఎక్కి, దేశాలు దాటి, ఓడలో మొరాకోలోని తెతువాన్ చేరతాయి. ఇక్కడి ఆడవాళ్లు వాటిని ఒలిచి పంపితే, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి హాలండువాళ్ల రొట్టెల మీద కూర్చుంటాయి. అక్కడివాళ్లకు ఒలవడం చేతకాక కాదు, అక్కడి కూలి యజమానికి గిట్టక. ఇక్కడ రొయ్యలు ఒలిచే తామూకు సొంత అక్క ఆ దేశంలోనే ఉంటుంది. ఆమెను చూసి వద్దామని అడిగిన ప్రతిసారీ తామూకు వీసా లేదు పొమ్మన్నారు.

"ఈ రొయ్యల్ని ఎవడైనా కాగితాలు అడుగుతున్నాడా? నాకూ పొట్టు తీసి పెట్టెలో సర్దండే, వెళ్లొస్తా" అనేది తామూ. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయేవారు.

కూలి కిలోల లెక్కన. పొట్టు తూకానికి రాదు కనుక వేళ్లు ఆగకూడదు. రోజంతా ఒలిస్తే వచ్చే డబ్బు హాలండులో ఒక్క రొయ్యల రొట్టెకు సరిపోతుందని అక్క ఫోనులో చెప్పిన రోజు, తామూ గుప్పెడు రొయ్యలు నోట్లో వేసుకుని కూలి పెంచుకున్నానంది.

అంతటి మనిషికీ కూతురు హస్నా పెళ్లి కుదరగానే నవ్వు పోయింది. ఫ్యాక్టరీలో గోరింటాకు చేతులు నిషిద్ధం. రంగు రొయ్యలకు అంటితే సరుకు వెనక్కి వస్తుంది. పెళ్లికూతురి తల్లి బోసి చేతులతో నిలబడితే వియ్యాలవారు ఏమనుకుంటారు? రంగు పోయేదాకా సెలవిమ్మని సూపర్‌వైజరు బహీజాను అడిగింది.

"సెలవు తీసుకో వదినా, కాదన్ను. నీ చోటు ఉంటుందని మాత్రం చెప్పలేను" అంది బహీజా.

తామూ చేతులు బోసిగానే ఉంచుకుందామనుకుంది. "అయితే నేనూ పెట్టుకోను" అంది హస్నా. ఆ రాత్రి తామూ కడుపారా ఏడ్చింది.

తెల్లారాక, చోటు పోతే పోనీ తనూ పెట్టుకుంటానని కూతురికి మాటిచ్చింది. గోరింటాకు వేడుకకు సంతోషం పట్టలేక తన బల్ల దగ్గరివాళ్లందరినీ పిలిచేసింది. పెళ్లికూతురు స్వయంగా పెట్టే గోరింటాకు వద్దనడమంటే ఆమెకు కీడు కోరినట్టే. హస్నా గిన్నె పట్టుకుని కూర్చున్నాక గానీ తామూకు ఆ సంగతి తట్టలేదు. తన చేతులు పండించుకోబోయి అందరి కూడూ పోగొడుతున్నానే అనుకుంది. ఫ్యాక్టరీలో తన పక్క కుర్చీలో పనిచేసే ఫామా, హస్నా ముందుకు వెళ్లబోతుంటే తామూ ఆమె చేయి పట్టి వెనక్కి లాగింది.

"వదులు పిన్నీ. ఇంత ముద్దుగా పిలుస్తుంటే వద్దంటానా?" అని ఫామా అరచేయి చాచింది. వెనక ఒకరొకరే చాచారు. పెళ్లి కానుకగా పంచదార దిమ్మ చేతబట్టుకుని అప్పుడే వచ్చిన బహీజా గుమ్మంలోనే ఆగిపోయింది. వియ్యపురాలు ఆమెనే చూస్తోంది. బహీజా దిమ్మ కింద పెట్టి, మొహం తిప్పుకుని చేయి చాచింది. ఆఖరున తామూ చాచింది.

మర్నాడు గేటు దగ్గర మేనేజరు ఎర్రబడ్డ అరచేతులు చూసి అందర్నీ ఇంటికి పొమ్మన్నాడు. బహీజా కోటు జేబుల్లోంచి తన చేతులూ తీసి చూపించింది. లోపల లారీ నిండా రొయ్యలున్నాయి, సాయంత్రానికి ఓడ కదులుతుంది. గేటు బయట పనికోసం నిలబడ్డవాళ్లకు ఒలుపు నేర్పాలంటే వారాలు పడుతుంది. మేనేజరు లారీ వంక ఒకసారి, చేతుల వంక ఒకసారి చూసి, చేతి తొడుగులు తెప్పించాడు.

తొడుగులతో వేళ్లు సాగవు, తూకం సగమవుతుంది. ఎవరూ బల్ల దగ్గరికి కదల్లేదు.

"తొడుగులు మీవి కాబట్టి ఆలస్యమూ మీదే. కిలోలొద్దు బాబూ, రోజుకూలి ఇవ్వండి" అంది తామూ. రంగు పోయేదాకా అలాగే ఇస్తానని మేనేజరు ఒప్పుకోక తప్పలేదు.

ఆ రోజు నుంచి తామూ నెమ్మదిగా ఒలిచింది. మధ్యలో నడుము వాల్చింది, టీ తాగింది, ఫామాతో తీరిగ్గా పోట్లాడింది. మనుషుల్లా పనిచేయడం ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు.

రంగు వెలవకముందే తామూ ఇంట్లో మళ్లీ పెద్ద గిన్నెడు గోరింటాకు కలిపారు. గుమ్మం ముందు చెప్పులు చూసి పొరుగావిడ తొంగిచూసింది.

"ఈసారి పెళ్లి ఎవరిది తామూ?"

"మాదే" అంది తామూ, చేయి చాచి.