తవిటమ్మ అనే పేరు, తవ్వెడు తవుడు

మా అమ్మ పోగొట్టుకున్నవి మొత్తం ఏడు: ముగ్గురు పిల్లలు, ఒక గేదెదూడ, రెండు ఇత్తడి చెంబులు, ఒక వెండి కుంకుమభరిణె. ఎవరడిగినా ఇదే వరసలో, ఒకే గొంతుతో చెప్పేది. పిల్లల్నీ చెంబుల్నీ కలిపి కూడకూడదని నేను చాలాసార్లు అన్నాను. పోయినవన్నీ ఒకే పద్దు అనేది.

నాలుగో కాన్పులో మా అక్క పుట్టింది. కంకిపాడు పక్కన మా ఊళ్లో, పిల్లలు దక్కనివాళ్లు చేసే పనే అమ్మా చేసింది. బిడ్డను చేటలో పెట్టి ఎదురింటి మామ్మకు ఇచ్చేసి, మళ్లీ ఆమె దగ్గరే తవుడిచ్చి కొనుక్కుంది. తవుడుకు వచ్చిన పిల్ల కాబట్టి తవిటమ్మ. అంత చవక సరుకు కోసం యముడు రాడని నమ్మకం. మా వీధిలో పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసిన పెంటమ్మ, ఎంగిలి పుల్లి విస్తళ్ల మీద దొర్లించిన పుల్లమ్మ కూడా ఉండేవారు. వాళ్లతో పోలిస్తే మా అక్కకు కనీసం ఒక ధర పలికింది. ధర మానెడు. ఆ రోజు ఇంట్లో ఉన్నది తవ్వెడే, అంటే సగం. మిగతా సగం తర్వాత ఇస్తామన్నారు. ఇరవై రెండేళ్లు ఇవ్వలేదు.

డెబ్బైల్లో అక్క టైపు హయ్యర్ పాసై బెజవాడలో ఒక ఆఫీసులో ఉద్యోగం సంపాదించింది. చేరేలోపు పేరు మార్చుకుని తీరతానంది. ఉన్న గడువు తొమ్మిది రోజులు. అమ్మ భయం వేరు. ఆ పేరు తీసేస్తే పిల్ల చవకది కాదని యముడికి తెలిసిపోతుంది. ముందు బాకీ తీర్చాలి, మామ్మ సరేననాలి, అప్పుడే పేరు సంగతి అంది.

నేను మిల్లు తవుడు తూయించి పట్టుకెళ్లాను. మామ్మ వేళ్ల మధ్య నలిపి చూసి, తనకు రావలసింది దంపుడు తవుడని, పైగా కాటా వేసింది చెల్లదని, కొలిచి ఇవ్వాలని చెప్పింది. మిల్లులొచ్చాక మా చుట్టుపక్కల దంచేవాళ్లే లేరు. కుంచెడు, అంటే ఎనిమిది తవ్వల వడ్లు దంచితే సరిపోతుందని లెక్క కట్టాను. నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే అక్క మూడు రోజులు రోకలి పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

"నన్ను నేనే కొనుక్కుంటున్నానే చెల్లాయ్, అదీ కూలి లేకుండా," అంది.

తవుడు సరిగ్గా తవ్వెడు వచ్చింది, కొలిచింది నేనే. అమ్మ దాన్ని కొంగులో పోసుకుని వీధి దాటింది. అక్కడ మామ్మ గిద్దతో కొలిస్తే ఏడు గిద్దలే అయింది. తవ్వకు ఎనిమిది. నేను మళ్లీ కొలవబోతే మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ కొంగు చివర చిన్న ముడి కనిపిస్తోంది.

"ఏమ్మా, గిద్దెడు దాచావా?"

అమ్మ తలెత్తలేదు. "మొత్తం తీరిస్తే పిల్ల నాదైపోద్దండీ. నావి అన్నవేవీ నాకు దక్కలా."

మామ్మ గిద్ద పక్కన పెట్టింది. "అయితే ఉండనీ. పిల్ల నా పద్దులోనే ఉంటది. పేరు సంగతంటావా, దానికి నచ్చింది పెట్టుకోనీ."

ఎనిమిదో రోజున అక్క కొత్త పేరుతో సంతకం పెట్టింది. మామ్మ పోయాక ఆమె కొడుకు ఈ సంగతి విని నవ్వి, మాఫీ చేశానన్నాడు. అమ్మ అతని గుమ్మం ముందు నిలబడి పోట్లాడి, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కదల్లేదు.

అక్క క్షేమంగా ఉంది. ఇవాళ్టికి బాకీ గిద్దెడు దంపుడు తవుడు.