పైనున్న ఎడమ స్టిక్

మా అన్నయ్య గేమ్ కంట్రోలర్‌కి రెండు స్టిక్కులూ కిందనే, పక్కపక్కన ఉంటాయి. నాదానికి ఎడమ స్టిక్ పైన, కుడిది కింద. ఆట మొదలుపెట్టకముందే మాకు దాని మీద గొడవ. అన్నయ్య భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో పొక్లెయిన్ నడిపేవాడు.

"రెండు సేతులూ ఒక్క ఎత్తులో ఉంటేనే బండి మాట ఇంటాది. నీది వంకరదే, పైగా అరిగిపోనాది" అనేవాడు.

బొటనవేలు ఎక్కడ హాయిగా వాలుతుందో చూసుకోమని నేను. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా కుందేటికీ అంతే, దాపరికం ఎందుకు.

చివరికి అన్నయ్యకి ఎడమ చెయ్యే పడిపోయింది. పక్షవాతం. మాట పోలేదు, కాలు కొంచెం కోలుకుంది, చెయ్యి మాత్రం ఒళ్లో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉండేది. కోటబొమ్మాళి ఇంటికి తెచ్చుకున్నాం. వ్యాయామాలు చేయించే ఆయన, "ముందు బొటనవేలు కదలాలి, ఏదో ఒకటి పట్టించి ఆడించండి" అన్నాడు. చెయ్యి రాకపోతే మళ్లీ పొక్లెయిన్ ఎక్కడం ఉండదు. ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనలేదు.

మొదట తన కంట్రోలరే ఇచ్చాను. కిందున్న స్టిక్ అందాలంటే వేలు లోపలికి మడవాలి. అది వంగలేదు. నాది తెచ్చాను. పైనున్న స్టిక్ మీదికి ఆ వేలు ఊరికే వాలుతుంది. అన్నయ్య మొహం తిప్పుకున్నాడు.

"ఆ వంకరది నాకొద్దే."

నాకు ఒళ్లు మండింది. "ఇలాగయినా నీ పంతం పోదేటి? కొత్తమ్మ తల్లికి మొక్కినాను, ఇంక నీకు కూడా మొక్కాలేటి?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. అన్నయ్య దాన్ని ఒళ్లో పెట్టనిచ్చాడు.

రోజూ వేలు స్టిక్ మీద పెట్టి, "తొయ్యి అన్నయ్యా, కొంచెం తొయ్యి" అని బతిమాలేదాన్ని. తన నుదుట చెమట పట్టేది. తెర మీద ఆటలోని మనిషి నిలబడ్డచోటే ఉండేవాడు. నాకు భయంతో అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ మనిషి ఎడమకి నడిచాడు.

"అమ్మా! కదిలింది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. వంటింట్లోంచి అమ్మ పిండిచేతులతో వచ్చింది. తెర చూసింది, "కొత్తమ్మ తల్లీ!" అంటూ అలాగే వీధిలోకి పరిగెత్తింది. పక్కింటావిడతో, "మావోడి సెయ్యి వచ్చేసినాదే!" అనడం లోపలికి వినిపించింది.

అన్నయ్య నన్నే చూస్తున్నాడు.

"నా ఏలు దాని మీద లేదే" అన్నాడు. "జారిపోనాది. సూడు."

చూశాను. వేలు పక్కకి పడి ఉంది. అరిగిన స్టిక్, వదిలేస్తే ఎడమకే పోతుంది. ఇన్నేళ్లూ ఆడేటప్పుడు నా వేలే దాన్ని ఆపుతూ వచ్చింది, ఆ సంగతే నాకు గుర్తులేదు. తెర మీద మనిషి గోడ దాకా వెళ్లి, దాన్ని తోస్తూ ఇంకా నడుస్తున్నాడు. అమ్మని పిలుద్దామని లేచాను.

"పిలవకే. కాసేపు అలాగే అనుకోనీ" అన్నాడు.

కుడిచేత్తో ఎడమ బొటనవేలు ఎత్తి, పైనున్న స్టిక్ మీద తనే పెట్టుకున్నాడు. తెర మీద మనిషి ఆగిపోయాడు.